ఏనుగుకెంత బాణం?

కోపెన్‌హాగన్‌లోని డెన్మార్క్ జాతీయ మ్యూజియంలో ఒక అడవి ఎద్దు అస్థిపంజరం ఉంది. అది ఆరోక్స్ జాతిది. మన పెంపుడు ఆవులు, ఎద్దులన్నీ ఆ జాతి నుంచి వచ్చినవే. దాని చివరి ఆవు 1627లో పోలండ్‌లో చచ్చిపోయింది. విగ్ అనే ఊరి దగ్గర బురదనేలలో, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో బయటపడిన ఈ ఎద్దు వయసు పది వేల ఏళ్లకు పైమాటే. బతికున్నప్పుడు టన్నుకు దగ్గరగా తూగేది. దాని పక్కటెముకల మీద చెకుముకి రాతి ములుకులు దిగిన గుర్తులున్నాయి. ఒక గాయం చుట్టూ ఎముక మళ్లీ పెరిగి పూడుకుపోయింది. అంటే ఒకసారి దెబ్బ తిని బతికి బట్టకట్టింది. మరోసారి తిన్నప్పుడు మాత్రం నీళ్లలోకి పారిపోయి అక్కడే ప్రాణం విడిచింది. అదే దేశంలో ప్రెయిలెరుప్ దగ్గర 1974లో దొరికిన ఇంకో ఆరోక్స్‌దీ ఇదే కథ. దాని ఎముకల మధ్య పదిహేను దాకా చిన్న చిన్న రాతి ములుకులు దొరికాయి.

ఈ రెండు ఎద్దులూ వేటగాళ్లకు చిక్కలేదు. చిక్కి ఉంటే కోసుకు తినేవాళ్లు, ఎముకలు పగలగొట్టి మూలుగ పీల్చేవాళ్లు, మ్యూజియానికి ముక్కలే మిగిలేవి. నిండు అస్థిపంజరాలుగా మనదాకా వచ్చాయంటేనే, బాణాలు తగిలి కూడా వేట తప్పిపోయిందని అర్థం. చాలా పెద్ద జంతువును విల్లుతో చంపవచ్చా అన్న ప్రశ్నకు చరిత్ర చెప్పే జవాబు ‘చంపవచ్చు’ అనే. ఎన్ని బాణాలకు, ఎంతసేపట్లో, ఎన్ని తప్పించుకుపోతే ఒకటి చిక్కుతుంది అన్న దగ్గరే పేచీ మొదలవుతుంది. ఇవాళ ఆఫ్రికా బుష్‌లో యాభై, అరవై వేల డాలర్లు పోసి విల్లు పట్టుకుని తిరిగే షోకు వేటగాళ్ల మీద నడుస్తున్న రచ్చంతా ఈ పేచీ చుట్టూనే.

ముందు బలాబలాల లెక్క చూడాలి. 70 పౌండ్ల బిగువున్న ఈ కాలపు కాంపౌండ్ విల్లు నుంచి 26 గ్రాముల బాణం సెకనుకు సుమారు 88 మీటర్ల వేగంతో బయల్దేరుతుంది. దాని శక్తి 100 జౌల్స్ దాకా ఉంటుంది. గంటకు 140 కిలోమీటర్ల వేగంతో ఫాస్ట్ బౌలర్ వేసిన క్రికెట్ బంతి శక్తి 120 జౌల్స్. అంటే బ్యాట్స్‌మన్ ప్యాడ్‌కు తగిలి కిందపడే బంతికి ఉన్నంత ఊపు కూడా ఈ బాణానికి లేదు. అదే ఆఫ్రికా పెద్ద వేటకు కనీసమని పేరున్న .375 హెచ్ అండ్ హెచ్ రైఫిల్ గుండుకు 5,700 జౌల్స్ ఉంటుంది, సుమారు యాభై ఏడు రెట్లు. మన సినిమాల్లో బాణం తగిలిన విలన్ పది అడుగులు ఎగిరి వెనక్కి పడతాడు. ఆ లెక్కన వేసిన హీరో కూడా అంతే దూరం ఎగిరిపడాలి. బాణానికి పడగొట్టే బలం లేదు. దాని పనంతా కోయడమే.

ఆ కోత మాత్రం మామూలుది కాదు. క్షవరం కత్తంత పదునున్న ములికి రక్తనాళాలను నలిపేయకుండా తెగకోస్తుంది కాబట్టి రక్తం గడ్డకట్టడానికి వ్యవధి దొరకదు. రెండు ఊపిరితిత్తుల గుండా దూసుకుపోతే జింక పది, పదిహేను సెకన్లలో కూలిపోతుందని వేటగాళ్లు అనుభవంతో చెబుతారు. ఏం తగిలిందో కూడా తెలియక కొన్ని నాలుగడుగులు వేసి మళ్లీ మేతకు దిగుతాయట. జింక జాతుల వరకు విల్లు సమర్థమైన ఆయుధమే అనడానికి ఇంతకన్నా వాదన అక్కర్లేదు.

జంతువు పెరిగేకొద్దీ ఈ లెక్క తిరగబడుతుంది. డెబ్బై కిలోల జింక ఒంట్లో అయిదు లీటర్ల రక్తం ఉంటుంది. అయిదు టన్నుల ఏనుగులో మూడు వందల లీటర్లు దాటుతుంది. రెంటి మీదా వాడే ములికి వెడల్పు మాత్రం ఇంచుమించు మూడు సెంటీమీటర్లే. రైఫిల్ వాడేవాడు జంతువును బట్టి గుండు పెంచుకోగలడు, మందు పెంచుకోగలడు. విలుకాడికి ఆ వెసులుబాటు లేదు, ఎందుకంటే విల్లు బలమంతా మనిషి భుజం బలమే. ఎంత మొనగాడైనా ఒక హద్దు దగ్గర ఆగిపోవాల్సిందే. ఏనుగు పెరగగలిగినంత బాణం పెరగలేదు. పెద్ద జంతువుల విల్లు వేట మీద ఉన్న చిక్కులన్నీ చివరికి ఈ ఒక్క విషయం దగ్గరికే వస్తాయి.

దీనికి శరీర నిర్మాణం ఇంకో మెలిక పెట్టింది. జింక రొమ్ములోకి బాణం దిగితే గాలి లోపలికి చొరబడి ఊపిరితిత్తులు ముడుచుకుపోతాయి. రక్తం పోవడం ఒక దెబ్బయితే ఇది రెండో దెబ్బ. అమెరికా బైసన్‌లో రొమ్ము గది రెండు వైపులకూ కలిపి ఒకటే. ఒక పక్క కన్నం పడినా రెండు ఊపిరితిత్తులూ కుదేలవుతాయి. ముప్పావు టన్ను తూగే ఆ జంతువును మైదానాల ఆదివాసులు గుర్రాల మీద పక్కనే దౌడు తీస్తూ పొట్టి విల్లులతో పడగొట్టగలిగారంటే, ఈ నిర్మాణం కూడా వాళ్లకు కలిసొచ్చింది. ఏనుగు దీనికి పూర్తిగా ఎదురు. దాని ఊపిరితిత్తులకూ రొమ్ము గోడకూ మధ్య ఖాళీయే ఉండదు. పీచులాంటి కణజాలం రెంటినీ అతికించి ఉంచుతుంది. కన్నం పడినంత మాత్రాన ఊపిరితిత్తి ముడుచుకుపోదు. జింకను రెండు దారుల్లో చంపే బాణానికి ఏనుగు దగ్గర ఒక దారి మూసుకుపోయింది. పైగా రెండు సెంటీమీటర్లకు మించిన తోలు, దాని కింద పక్కటెముకలు. కేప్ బఫెలోకు ఆ పక్కటెముకలే ఒకదాని మీదికి ఒకటి వచ్చినంత దగ్గరగా, వెడల్పుగా ఉంటాయి. భుజం ఎముకకు తగిలితే బాణం అక్కడే ఆగుతుంది. అందుకే ముందుకాలు ముందుకు చాపిన క్షణం కోసం, పక్కగా తిరిగిన భంగిమ కోసం విలుకాడు కాచుకుని ఉండాలి. అదీ ఇరవై, పాతిక మీటర్ల దూరంలో.

మరి ఏనుగు మాంసం మీద నిజంగా బతికినవాళ్లు ఏం చేశారు? కెన్యాలో త్సావో ప్రాంతపు వాటా జాతివాళ్లు ఏనుగు వేటకు ప్రపంచంలోనే పేరుపడ్డవాళ్లు. వాలియాంగులు అని కూడా అంటారు. వాళ్ల పొడుగు విల్లులు నూరు పౌండ్లు దాటి లాగేవి. మధ్యయుగపు ఇంగ్లండ్ యుద్ధ విల్లులతో పోల్చదగినవి. అంత బలమున్నా వాళ్లు బలాన్ని నమ్ముకోలేదు. అకొకాంథెరా చెట్టు కొమ్మలు, వేళ్లు గంటల తరబడి ఉడకబెట్టి, తారులా చిక్కబడ్డ విషాన్ని బాణానికి పట్టించి, తడి ఆరకుండా తోలు చుట్టి దాచుకునేవాళ్లు. అందులో ఉండే వుఅబాయిన్ గుండెను ఆపేస్తుంది. బాణం చేయాల్సిన పని తోలు చీల్చుకుని విషాన్ని రక్తంలోకి చేర్చడం వరకే. కలహారి శాన్ వేటగాళ్లు డయాంఫిడియా అనే పెంకుపురుగు లార్వాల రసం పూస్తారు. వాళ్ల బాణం ఈనెపుల్లంత తేలిక, విల్లు మరీ బలహీనం. విషం పనిచేసేదాకా గంటల కొద్దీ, ఒక్కోసారి రోజుల కొద్దీ అడుగుజాడలు పట్టి నడుస్తారు. టాంజానియా హాడ్జాలు రెండు రకాల మొక్కల విషాలు వాడతారు. అంత ఆరితేరిన హాడ్జా వేటగాడికి కూడా పెద్ద జంతువు దొరికేది సగటున నెలకొకటే అని వాళ్ల మధ్య ఉండి రోజువారీగా లెక్కలు రాసుకున్న మానవశాస్త్రవేత్తలు తేల్చారు.

ఈ సంగతిని విల్లు వేట అభిమానులు అంతగా ప్రస్తావించరు. ‘మానవుడు వేల ఏళ్లుగా ఇలాగే వేటాడాడు’ అన్నది వాళ్లకు ఇష్టమైన మాట. ఆఫ్రికాలో పెద్ద జంతువుల విషయానికొస్తే వేల ఏళ్లుగా సాగింది వట్టి విల్లు వేట కాదు, విషం వేట, జాడ తీసే వేట. నేటి షోకు వేట ఈ రెంటిలో మొదటిదాన్ని చట్టరీత్యా వదిలేసింది, రెండోదాన్ని జీతమిచ్చి స్థానిక ట్రాకర్‌కు అప్పగించింది. మిగిలింది విల్లు. అమెరికాలో మిసిసిపీ వేటగాళ్లు కొందరు కండరాలను స్తంభింపజేసే మందును బాణానికి చిన్న సంచిలా కట్టి జింకల మీద వాడుతూ వచ్చారు. మిగతా విల్లు వేటగాళ్లే వాళ్లను వెలివేసినట్టు చూశారు. జంతువు తొందరగా చావడం కన్నా ఆట శుద్ధంగా ఉండటం ముఖ్యమన్నమాట.

ఆధునిక విల్లు వేట పుట్టుకే ఒక విషాదగాథ. కాలిఫోర్నియాలో యాహీ తెగ మొత్తం ఊచకోతకు గురైపోగా మిగిలిన ఒకే ఒక్క మనిషి 1911 ఆగస్టులో ఓరోవిల్ పట్టణంలో బయటికొచ్చాడు. అతనికి ఇషీ అని పేరు పెట్టారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో అతనికి వైద్యం చేసిన డాక్టర్ సాక్స్‌టన్ పోప్ అతని దగ్గర విల్లు చేయడం, వేయడం నేర్చుకున్నాడు. 1916లో ఇషీ క్షయతో చనిపోయాడు. పోప్ 1923లో రాసిన పుస్తకంతో అమెరికాలో ఒక తరం విల్లు పట్టింది. పోప్, అతని మిత్రుడు ఆర్థర్ యంగ్ 1920లో యెల్లోస్టోన్‌లో గ్రిజ్లీ ఎలుగులను బాణాలతో చంపారు. 1925లో సింహాల కోసం తూర్పు ఆఫ్రికా వెళ్లారు. అక్కడ బాణంతోనే చచ్చిన సింహాలున్నాయి, బాణం తగిలి మీదికి దూకబోతే వెంట ఉన్నవాళ్ల తుపాకీ దెబ్బకు పడినవీ ఉన్నాయి. పోప్ ఆ సంగతి దాచుకోలేదు. ఈ నిజాయితీ తర్వాతి తరాల ప్రచార చిత్రాల్లో అంతగా కనిపించదు.

ఆ తర్వాతివాడు హోవార్డ్ హిల్. 1938 నాటి రాబిన్‌హుడ్ సినిమాలో ఎరాల్ ఫ్లిన్ వేసినట్టు కనిపించే బాణాలు నిజానికి ఇతను వేసినవి. నూరు పౌండ్లకు పైబడిన పొడుగు విల్లుతో ఆఫ్రికాలో ఏనుగును చంపి, 1952లో ‘టెంబో’ అనే సినిమాగా విడుదల చేశాడు. ఏనుగుల మీద విల్లు ఎక్కుపెట్టాలన్న కోరిక అమెరికాలో చాలామందికి అక్కణ్నుంచే అంటుకుంది. విల్లుల కంపెనీ పెట్టిన ఫ్రెడ్ బేర్ దాన్ని పరిశ్రమ చేశాడు. 1960లలో అతను మన దేశం వచ్చి బాణంతో బెంగాల్ పులిని చంపాడు, మొజాంబిక్ వెళ్లి ఏనుగును చంపాడు. ఆర్కిటిక్ మంచు మీద ధ్రువపు ఎలుగు మాత్రం అంత తొందరగా దక్కలేదు. తొలి యాత్రల్లో బాణం తగిలిన ఎలుగు మీదికొస్తే పక్కనున్నవాళ్లు తుపాకీతో కాల్చారు. విల్లు వేటగాళ్ల నియమాల ప్రకారం అది లెక్కలోకి రాదు. చివరికి 1966లో అతని పంతం నెగ్గింది. నెగ్గేలోపు చచ్చిన ఎలుగులు ఎవరి ఖాతాలోకి వెళ్తాయన్నది ఆ నియమాల్లో లేని ప్రశ్న.

1966లోనే మిస్సోరీ రాష్ట్రంలో హోలెస్ విల్బర్ ఆలెన్ అనే ఆయన విల్లు కొసలకు కప్పీలు బిగించి పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు. 1969లో పేటెంటు చేతికొచ్చింది. అదే కాంపౌండ్ విల్లు. నిండుగా లాగాక కప్పీల వల్ల బిగువు చాలా వరకు తగ్గిపోతుంది కాబట్టి తీరిగ్గా గురి చూసుకోవచ్చు. మన విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు తెచ్చింది ఈ రకం విల్లుతోనే. పోటీల్లో దాని బిగువు 60 పౌండ్లు దాటకూడదు. కేప్ బఫెలో, ఏనుగు అనేవాళ్లు 80 నుంచి 100 పౌండ్ల దాకా పోతారు. కాంపౌండ్ వచ్చాక బాణం గురి అనూహ్యంగా మెరుగుపడింది. లోతుగా దిగడం మాత్రం ఆ స్థాయిలో పెరగలేదు. పైగా వేగం మోజులో కంపెనీలు బాణాలను తేలిక చేసుకుంటూ పోయాయి. దుప్పి మీద చెల్లుతుంది, దున్న మీద చెల్లదు.

దీన్ని పట్టుకుని కూర్చున్నవాడు ఎడ్ ఆష్బీ. వృత్తికి కళ్ల డాక్టరు. 1980లలో దక్షిణాఫ్రికాలో నటాల్ పార్క్స్ బోర్డు విల్లు వేటను అనుమతించాలా వద్దా అని తేల్చుకోవడానికి మ్కూజీ అభయారణ్యంలో చేయించిన పరీక్షలు ఆయనవే. తర్వాత ఆస్ట్రేలియాలో నీటి గేదెల మీద ఏళ్ల తరబడి కొనసాగించాడు. చాలా వరకు అప్పుడే చంపిన జంతువుల మీద రకరకాల బాణాలు వేసి, కోసి, ఎంత లోతు దిగింది, ఎక్కడ ఆగింది, ములికి వంగిందా విరిగిందా అని రాసుకుంటూ పోయాడు. ఆయన చెప్పింది ఆ రోజుల వ్యాపార ప్రకటనలకు పూర్తిగా వ్యతిరేకం. వేగం కాదు, బరువు కావాలి. గట్టి ఎముకను దాటాలంటే బాణం 42 గ్రాములకు, అంటే వాళ్ల లెక్కలో 650 గ్రెయిన్లకు తగ్గకూడదు. బరువు ముందువైపు ఎక్కువ ఉండాలి. ములికికి నాలుగైదు రెక్కలు వద్దు. సన్నగా, పొడుగ్గా, రెండంచులతో, ఒక పక్కే సాన పట్టి ఉంటే అది తిరుగుతూ దిగి ఎముకను చీలుస్తుంది. వీటన్నిటికన్నా ముందు, ఏ భాగమూ విరగకూడదు. ఆ పట్టికలు చూస్తే ఒక మాట ఒప్పుకోక తప్పదు: సరైన బాణం, సరైన కోణంలో, సరైన దూరం నుంచి వేస్తే కేప్ బఫెలో ఛాతీలోకి నిండుగా దిగుతుంది, ఏనుగుకూ లోపలిదాకా చేరుతుంది. ‘విల్లుతో అసాధ్యం’ అనే వ్యతిరేకుల వాదన ఇక్కడ నిలవదు.

కానీ చచ్చిపడి ఉన్న దున్న కదలదు, పొద చాటుకు పోదు, ఆఖరి క్షణంలో ఒక అడుగు ముందుకు వేయదు. బాణం చేయగలిగినదానికీ మనిషి చేసేదానికీ మధ్య దూరం తెలియాలంటే అడవిలో లెక్కలు చూడాలి. అలాంటివి గట్టిగా ఉన్నది అమెరికా తెల్లతోక జింకల మీద. మేరీల్యాండ్‌లోని ఇండియన్ హెడ్ నౌకాదళ కేంద్రంలో 1989 నుంచి 2006 దాకా పరీక్ష పాసైన విలుకాళ్లనే లోపలికి పంపి ప్రతి బాణానికీ లెక్క రాయించారు. 908 జింకలకు బాణం తగిలితే 162 దొరకలేదు. నూటికి పద్దెనిమిది. ఓక్లహోమాలోని మెకాలిస్టర్ ఆయుధ కర్మాగారం అడవిలో, కప్పీలు లేని పాతకాలపు విల్లులు మాత్రమే వాడనిచ్చే చోట, రేడియో కాలర్లు కట్టిన పోతులను గమనించారు. బాణం తగిలిన 22లో 11 దొరకలేదు. దొరకనివాటిలో ఎక్కువ భాగం బతికే ఉన్నాయని కాలర్లు చెప్పాయి కాబట్టి ‘తగిలి తప్పిపోయింది’ అంటే ‘నరకయాతనతో చచ్చింది’ అని అర్థం కాదు. విగ్ ఎద్దు పక్కటెముక మానినట్టే ఇవీ మానాయి. అయినా అయిదింట ఒకటి, రెండింట ఒకటి అనే ఈ లెక్కలు ఒకే బాణంతో కూలిపోగల చిన్న జంతువువి. దాని ఛాతీ దాటి బాణం అవతలికి పోతుంది, రెండు వైపులా రక్తం కారి జాడ దొరుకుతుంది. ఏనుగులో బాణం లోపలే ఉండిపోతుంది, తోలు జరిగి కన్నం మూసుకుంటుంది. జాడ పలచబడుతుంది.

ఆఫ్రికాలో ఈ నష్టానికి వ్యాపారం ఒక ధర కట్టింది. ట్రోఫీ వేట ఒప్పందాల్లో గాయపడి తప్పిపోయిన జంతువూ చచ్చినదాని కిందే లెక్క, డబ్బు కట్టాల్సిందే. ఒక రకంగా ఇది మంచి నియమం, ఎందుకంటే గురి కుదరనివాడు బాణం వదలడానికి వెనకాడతాడు. ఇంకో రకంగా చూస్తే, బిల్లు కట్టాక వేట ముగిసినట్టే. గాయంతో తిరిగే దున్న ఆ తర్వాత ఎవరికి ఎదురుపడుతుందో, నీళ్లకు వెళ్లే ఏ పల్లెటూరి మనిషి మీద పడుతుందో ఆ ఒప్పందంలో ఉండదు.

2015 జులైలో జింబాబ్వేలో సెసిల్ అనే సింహం చావు ఈ ప్రశ్నలన్నిటినీ ఒకేసారి ప్రపంచం ముందు పెట్టింది. హ్వాంగే పార్కుకు ఆనుకుని ఉన్న భూమిలో ఎర వేసి, రాత్రిపూట, అమెరికా దంతవైద్యుడొకడు దాన్ని బాణంతో కొట్టాడు. అది ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు కాలర్ కట్టి గమనిస్తున్న పదమూడేళ్ల మగ సింహం. నలభై గంటలు అల్లాడిందని మొదట పత్రికలు రాశాయి. ఆ సింహాన్ని ఏళ్లపాటు అధ్యయనం చేసిన ఆండ్రూ లవ్‌రిడ్జ్ తర్వాత కాలర్ వివరాలు చూసి పది నుంచి పన్నెండు గంటలని తేల్చాడు. మర్నాడు పొద్దున మరో బాణంతో చంపారు. పన్నెండు గంటలూ తుపాకీ ఎందుకు వాడలేదు? రికార్డు పుస్తకంలో విల్లు వేటగా ఎక్కాలన్న ఆశ కారణం కావచ్చని లవ్‌రిడ్జ్ అనుమానం. గొడవ ముదిరాక జింబాబ్వే ఆ ప్రాంతంలో సింహం, చిరుత, ఏనుగు వేటలను ఆపేసింది. పార్కుల శాఖ డైరెక్టర్ జనరల్ అనుమతి లేనిదే విల్లు వేట కూడదంది. వెంట ఉన్న వృత్తి వేటగాడి మీద పెట్టిన కేసును 2016లో కోర్టు కొట్టేసింది.

వెంట తుపాకీతో నిలబడే ఆ మనిషి ఈ వ్యవహారమంతటికీ ఇరుసు. ఏనుగు, దున్న, సింహం వేటలో విలుకాడి పక్కన పెద్ద రైఫిల్ పట్టిన ప్రొఫెషనల్ హంటర్ తప్పనిసరి. మీదికొస్తే అతను కాలుస్తాడు. గాయంతో పోతుంటే కాల్చమని కొందరు అడుగుతారు, వద్దని కొందరు పట్టుబడతారు. తుపాకీ పేలితే జంతువుకు మేలు, రికార్డుకు చేటు. పోప్ అండ్ యంగ్ పేరుతో 1961లో పెట్టిన క్లబ్బు తుపాకీ తగిలినదాన్ని తన పుస్తకంలో రాయదు. జంతువు బాధ తగ్గించే పనికి వేటగాడి లెక్కలో జరిమానా ఉన్నంతకాలం ఆ నియమం దిద్దుకోవాల్సిందే. సమర్థించేవాళ్లు ‘ఫెయిర్ చేజ్’ అంటారు, అంటే జంతువుకు తప్పించుకునే న్యాయమైన అవకాశం ఇవ్వడం. స్పెయిన్ తత్వవేత్త ఒర్తెగా యి గాసెత్ కూడా వేట అంటే మనిషి తన ఆధిక్యాన్ని తానే తగ్గించుకోవడమని వాదించాడు. దగ్గరికి వెళ్లాలి, గాలివాటం చూసుకోవాలి, అడవి తెలియాలి కాబట్టి విలుకాడి కష్టం నిజమే, ఆ కష్టంలో ఒక మర్యాద ఉన్న మాటా నిజమే. అయితే కష్టం రెండు చోట్ల ఉంటుంది. బాణం వదలడానికి ముందుది వేటగాడిది. వదిలాక మిగిలేది జంతువుది. మొదటిది పెంచుకునే హక్కు అతనికి ఉంది. రెండోదాన్ని పెంచడాన్ని కూడా అదే హక్కు కింద కలిపేయడంలోనే ఈ వాదన బోల్తా పడుతుంది.

చట్టాలు ఈ విషయంలో ఎవరి దారి వారివి. బ్రిటన్‌లో 1981 వన్యప్రాణి చట్టం విల్లును పూర్తిగా నిషేధించింది. జర్మనీ కూడా దాదాపు అంతే. ఫ్రాన్స్ 1995లో తలుపు తెరిచింది. డెన్మార్క్ 1999లో రో జింకతో మొదలుపెట్టి మెల్లగా పెంచింది. అలాస్కాలో మూస్, బైసన్, గోధుమరంగు ఎలుగు మీద 50 పౌండ్లకు తగ్గిన విల్లు కూడదు, సర్టిఫికెట్ తప్పనిసరి. కెన్యా 1977లో వేటనే మూసేసింది. అన్నిటిలోకీ ఆలోచించి గీసిన గీత దక్షిణాఫ్రికాది అనిపిస్తుంది. అక్కడ 2007 నిబంధనల్లో విల్లు వేటను మొత్తంగా తోసిపుచ్చలేదు. మందపు తోలు జంతువులనూ పెద్ద మాంసాహార మృగాలనూ మాత్రం దాని నుంచి తప్పించారు. కూడూ, ఇంపాలా లాంటివాటికి విల్లు సరే. ఏనుగు, ఖడ్గమృగం, సింహాలకు వద్దు. ఆష్బీ పట్టికలు ఏనుగు ఛాతీ అందుతుందని చెప్పిన దేశంలోనే ఈ నియమం వచ్చింది. అందుతుందా లేదా అన్నది ఒక ప్రశ్న, ఒక వేలు పక్కకు పోతే ఏమవుతుందన్నది ఇంకో ప్రశ్న అని ఆ నియమం రాసినవాళ్లకు తెలుసు.

విల్లుకు తిరుగులేని చోట్లు లేకపోలేదు. వర్జీనియాలో మన తెలుగు కుటుంబాలు ఎక్కువగానే ఉండే ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలో జింకలు తామరతంపరగా పెరిగి, తోటలు మేసేసి, కార్లకు అడ్డం పడుతుంటే కౌంటీయే విలుకాళ్లను ఎంపిక చేసి పార్కుల్లోకి పంపుతోంది. ఇళ్ల మధ్య తూటా మైళ్ల దూరం పోతుంది, చెట్టు మీది మంచె నుంచి కిందికి వేసిన బాణం నేలలో దిగి ఆగుతుంది. దూరం తక్కువ, జంతువు చిన్నది, కాచుకోవడానికి కావలసినంత సమయం ఉంది. అమెరికాలో విల్లుల మీద వసూలు చేసే పదకొండు శాతం పన్ను వన్యప్రాణి నిధికే వెళ్తుంది. ఈ వాదనలన్నీ జింక దాకా గట్టిగానే నిలుస్తాయి. వీటినే ఎత్తుకెళ్లి ఏనుగుకు అతికించడం మాత్రం చెల్లదు.

మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, దానికి 1991లో చేసిన సవరణ కలిసి వేటను మూసేశాయి. షోకు వేటకూ అడవిబిడ్డల వేటకూ అందులో తేడా లేదు. విల్లంబులు ఒంట్లో భాగమైన నల్లమల చెంచులు ఇవాళ కుందేలును కొట్టినా నేరమే. చట్టానికి దశాబ్దం ముందే ఫ్రెడ్ బేర్ లాంటి విదేశీ విలుకాడు అనుమతి పత్రంతో వచ్చి పులిని కొట్టి, ఆ కథ పుస్తకంలో రాసుకున్న దేశం ఇది. పులుల సంఖ్య పడిపోయిన తీరు చూస్తే చట్టం రావడం న్యాయమే. దాని బరువు ఎవరి మీద పడిందన్నదే వేరే సంగతి.

కెన్యాలో ఈ తేడా మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. హోవార్డ్ హిల్ ఏనుగు సినిమా అమెరికా థియేటర్లలో ఆడింది 1952లో. నాలుగేళ్లకు, 1956–57లో, త్సావో పార్కు వార్డెన్ డేవిడ్ షెల్డ్రిక్ దళాలు వాటా పల్లెల మీద దాడులు చేసి, విష బాణాలు, దంతాలు పట్టుకుని, వేటగాళ్లను జైళ్లకు పంపాయి. దళాల్లోని అధికారులు కొందరు ఆ వేటగాళ్ల నేర్పు చూసి తలలు వంచినవాళ్లే. జైలు తప్ప వాళ్లకు మరో దారి చూపాలని వలస ప్రభుత్వమే 1960లో పార్కు పక్కన గలానా అనే పథకం పెట్టింది: పరిమితంగా ఏనుగులను చంపి, మాంసం, దంతం అమ్మి, ఆ ఆదాయంతో వాటాలు బతకాలి. చంపేది మాత్రం రైఫిళ్లతో. పథకం కొన్నేళ్లకే చతికిలపడింది. 1960ల చివరికి ఆ భూమి బయటివాళ్ల చేతుల్లో పశువుల పెంపకం ర్యాంచ్‌గా మారింది. డబ్బు చెల్లించిన వేట విహారులు రైఫిళ్లతో ఆ నేల మీద తిరిగారు, 1977లో దేశమంతటా వేట నిషేధం వచ్చేదాకా.